విశ్రాంత ఉద్యోగికి విశ్రాంతి ఎక్కడ?

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం, క్రిస్మస్ కూడిక కలిపి మన సంఘం హాలులో జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యులు పలువురు కోరిన మీదట ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం.)



క్రిస్మస్ గురించి ఒక పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. చిత్తుప్రతి లేకుండా నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకని రాసుకొచ్చాను. పది నిమిషాలు దాటితే గంట కొట్టండి, మధ్యలో ఎక్కడున్నా ఆపేస్తాను. ఇంకొక మాట. ఈ హాలులో అన్ని మతాల వాళ్ళం ఉన్నాం. నేను మీకు మతం చెప్పడానికి నిలబడలేదు. నాకు కష్టం వచ్చినప్పుడు నా విశ్వాసం ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాకుండా పోయిందో, ఎలా మళ్ళీ చేతికి దొరికిందో అది మాత్రం చెబుతాను. పనికిరాకుండా పోయిన సంగతి కూడా చెప్పకపోతే రికార్డు సరిగ్గా ఉండదు.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు చెప్పిందని మనందరికీ తెలుసు. పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చే ఈనాము కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అందుకే ఈ రోజును పండుగ చేసుకుంటున్నాం. ఆ తీర్పు మీద నాకు ఎంతో గౌరవం. అయితే ఇవాళ నేను చెప్పబోయేది హక్కుగా రానిదాన్ని గురించి.

మన సంఘం బోర్డు మీద ‘విశ్రాంత ఉద్యోగులు’ అని రాసి ఉంది. ఆ మాట ఎవరు పెట్టారో గాని మంచి నమ్మకస్తులై ఉండాలి. రిటైరైన మర్నాటి నుంచీ మనకు దొరికినవి లెక్క చూడండి. మనవళ్ళ స్కూలు వ్యాను, కరెంటు బిల్లు, కోడలి ఆఫీసు వేళలు, మోకాళ్ళు, షుగరు, డి.ఎ. బకాయిలు, రాత్రి మూడింటికే తెల్లారిపోయే నిద్ర. విశ్రాంతి ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. నేను 2008లో రిటైరయ్యాను. ఆ పేరుకు తగ్గ వస్తువు నాకు చాలా ఏళ్ళ వరకు కనబడలేదు.

మా తెలుగు బైబిల్లోనూ ఈ విశ్రాంతి అనే మాటే ఉంది. మత్తయి సువార్త పదకొండో అధ్యాయం 28వ వచనంలో. అలసిపోయి బరువులు మోస్తున్న వాళ్ళను యేసు ప్రభువు తన దగ్గరికి పిలిచి, విశ్రాంతి ఇస్తానంటాడు. క్రైస్తవుల ఇళ్ళలో గోడ క్యాలెండర్ల మీద చూసే ఉంటారు. ఈ వచనానికీ మా కుటుంబానికీ ఒక పాత సంబంధం ఉంది. అది చెప్పి తర్వాత నా సంగతికి వస్తాను.

1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. వానలు లేవు, గింజ లేదు, జనం ఆకులూ దుంపలూ తిని దారుల వెంట పడిపోయారు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఉన్నాడు. మిషన్‌లోకి రాకముందు ఆయన తన దేశంలో సర్వే పని చేసినవాడు. గొలుసూ కొలతా తెలిసిన మనిషి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్కను ఆయన కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వాళ్ళకు మట్టిపని ఇచ్చి కూలి ఇప్పించాడు. ఆ మట్టి మోసిన వాళ్ళలో మా ముత్తాత ఒకడు. అప్పటికి పదహారేళ్ళ కుర్రాడు. మా మాదిగపల్లె నుంచి ముగ్గురన్నదమ్ములు వెళితే ఇద్దరే తిరిగొచ్చారట. ఆయన కోడలే మా నాయనమ్మ. నాకు పదిహేనేళ్ళు వచ్చేదాకా బతికి ఈ కథ నాకు చెప్పింది.

నేను పనిచేసింది నీటిపారుదల శాఖలో. మస్టరు రోళ్ళు, కొలతల పుస్తకాలు నా చేతి మీదుగా ఎన్ని వేలు వెళ్ళాయో. మట్టిపని చేసే కూలీ మధ్యాహ్నం గంప దించి ఎలా కూర్చుంటాడో నాకు తెలుసు. కాళ్ళు చాపి, వెన్ను గట్టుకు ఆనించి, మాట్లాడకుండా కూర్చుంటాడు. ఆ కాలువ దగ్గర క్లౌ దొర బోధకులే మేస్త్రీలుగా కూలీల మధ్య తిరిగేవారు. పని ఆపి కూర్చున్నప్పుడు వాళ్ళు ఆ జనానికి పదే పదే చెప్పిన వచనం ఈ 28వ వచనమేనని ఆయన జీవితకథలో ఉంది. ఒక్కసారి ఆలోచించండి. విన్నవాడి నెత్తి మీద గంప గుడ్డ ఇంకా తడిగానే ఉంది. సాయంత్రం దాకా మళ్ళీ మొయ్యాలి. అలాంటివాడికి బరువులు మోసేవాళ్ళారా అని పిలిస్తే ఎవర్ని పిలిచారో అర్థం చెప్పే పండితుడు అక్కర్లేదు. మా ముత్తాతకు చదువు లేదు. ఆ ఒక్క వచనమే నోటికి వచ్చేదట, చనిపోయేదాకా అన్నానికి కూర్చునే ముందు అదే చెప్పుకునేవాడట.

మేము కూటి కోసం కలిసినవాళ్ళమని ఒక ఎత్తిపొడుపు ఉంది. నా చిన్నప్పుడు అది పాలపొడి అయింది. ఆఫీసులో కూడా ఒకరిద్దరు నవ్వుతూనే అన్నారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు అంత తేలిగ్గా రాలేదని ఇప్పుడు చెబితే తప్పులేదనుకుంటాను. జరిగింది ఇది. కరువు సహాయం పంచుతున్నంత కాలం క్లౌ దొర బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. తిండి కోసం వచ్చినవాణ్ణి చేర్చుకున్నట్టు కాకూడదని. సహాయం ముగిసిన తర్వాత కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కూలి కాలువ పనికి ముట్టింది. ఈ రెండోది కూలీ కాదు, రేషనూ కాదు. మా ముత్తాతకు ఆ తేడా తెలుసు. ఆయన మునిమనవణ్ణి, డిగ్రీ చదివినవాణ్ణి, నాకే తెలియలేదు.

నేను దేవుడితో సర్వీసు రిజిస్టరు నడిపాను. నవ్వకండి, మీలో చాలామంది మీ మీ దేవుళ్ళతో నడుపుతూనే ఉంటారు. ఆదివారం ఆరాధన మానలేదు. జీతంలో పదోవంతు తప్పలేదు. బల్ల మీద చెయ్యి చాపలేదు. దాని వల్ల రెండు బదిలీలు, ఆగిపోయిన ఒక ప్రమోషన్ నా రిజిస్టరులో జమయ్యాయి. ఇంత చేశాను కాబట్టి నాకు క్వాలిఫైయింగ్ సర్వీసు పూర్తయింది, చివరి రోజుల్లో చింత లేని బతుకు నాకు రావలసిన బెనిఫిట్ అని ఎక్కడో లోపల లెక్క వేసి పెట్టుకున్నాను. పైకి ఎప్పుడూ అనలేదు. ప్రార్థనలో అంతా కృప అనే చెప్పేవాణ్ణి.

2021 మే నెల వచ్చింది. ఆ నెల గురించి ఈ హాలులో వివరించనక్కర్లేదు. మన సభ్యుల జాబితాలో ఆ ఒక్క వేసవిలో ఎన్ని పేర్ల పక్కన ఎర్రసిరా గీత పడిందో కార్యదర్శి గారికి తెలుసు. మా ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాది ఇంట్లోనే తగ్గింది. మా ఆవిడకు ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ మంచం కోసం మా అబ్బాయి రెండు రోజులు తిరిగాడు. దొరికింది, నాలుగు రోజులుంది, అయిదో రోజు తెల్లవారుజామున ఫోను వచ్చింది. నేను గది దాటి బయటికి రాకూడని రోజులు. సమాధుల తోటలో మా అబ్బాయి, తెల్లసూట్లు వేసుకున్న ముగ్గురు మనుషులు, అంతే. పాస్టరు గారు ఫోనులో ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన సగంలో సిగ్నలు పోయింది. నలభై ఆరేళ్ళ కాపురం.

ఆమె పొద్దున్నే పొయ్యి దగ్గర పాడుకునేది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలంటే ప్రాణం. ఆయన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి మన తెలుగులో అన్ని కీర్తనలు రాశాడని పిల్లలకు గొప్పగా చెప్పేది. గొంతు గొప్పదేమీ కాదు. కాఫీ పొంగే వేళకు చరణం మధ్యలో ఆగిపోయేది. ఆ తర్వాత ఇంట్లో నాకు వినపడింది ఫ్రిజ్ మోత ఒక్కటే.

నాకు ప్రార్థన ఆగిపోయింది. కోపంతో మానేశానని కాదు. మోకాళ్ళ మీద కూర్చుంటే నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా, బతికే ఉన్నామని. ఆ యేడు వేలిముద్ర పెట్టి ట్రెజరీకి రుజువు చేశాను గాని నాకు నేను రుజువు చేసుకోలేకపోయాను. లోపల మాత్రం ఒకటే నడుస్తుండేది. ఆఫీసులో తప్పు జరిగితే మెమో ఇచ్చి సంజాయిషీ అడుగుతారు. నేను దేవుడికి మెమో ఇచ్చాను. ఈ రికార్డులో ఏ తప్పు ఉందని ఇలా చేశావు, సంజాయిషీ ఇవ్వు అని. నెలల తరబడి ఎదురుచూశాను. సంజాయిషీ రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అప్పుడు యోబు గ్రంథం మళ్ళీ చదివాను. అంతకుముందు చాలాసార్లు చదివినదే, పాఠం చెప్పినదే కూడా. ఈసారి చదివితే వేరే పుస్తకంలా ఉంది. యోబు పిల్లల్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చుంటే ముగ్గురు మిత్రులు వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకు చాలా మంచివాళ్ళు. ఆ తర్వాత నోరు విప్పారు. నీలో ఏదో తప్పుండాలి, దేవుడు ఊరికే చెయ్యడు అని అధ్యాయాలకు అధ్యాయాలు. యోబు ఒప్పుకోడు. నాకు సంజాయిషీ కావాలంటాడు. ముప్పై ఎనిమిదో అధ్యాయంలో దేవుడు మాట్లాడతాడు గాని ఆయన కూడా కారణం చెప్పడు. అయితే చివరి అధ్యాయంలో ఒక మాట ఉంది, నేను అన్నేళ్ళూ దాని మీద కన్ను వేయలేదు. దేవుణ్ణి సమర్థించిన ఆ ముగ్గురి మీదనే ఆయనకు కోపం వస్తుంది. నిలదీసిన యోబే తన గురించి సరిగా మాట్లాడాడని అంటాడు.

అది చదివి పుస్తకం మూసేశాను. నా భార్య జ్ఞాపకం కంటే ముందు నాకు వేరే ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. అది ఇక్కడ చెప్పక తప్పదు.

2009లో మన సంఘ సభ్యుడొకాయన కొడుకు మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. ఆయనా నేనూ ఒకే సెక్షనులో పదకొండేళ్ళు పనిచేశాం. నేను వెళ్ళాను. వెళ్ళి కూర్చుని ఊరుకోలేదు. అంతా దైవచిత్తం అన్నాను. మనం మోయలేనంత బరువు దేవుడు పెట్టడు అన్నాను. ఆయన నా వంక చూసి, తల దించుకున్నాడు. ఓదార్చి వచ్చానని ఇంటికొచ్చి తృప్తిగా భోజనం చేశాను.

ఆ రెండో మాట బైబిల్లోదే అనుకుని చాలామంది మా వాళ్ళు చెబుతుంటారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, పదో అధ్యాయంలో ఉన్నది శోధనను గురించి. పాపంలో పడే శోధన వస్తే తప్పించుకునే దారి కూడా ఉంటుందని. కొడుకు పోయిన తండ్రికి చెప్పమని ఆయన రాయలేదు. అదే పౌలు రెండో పత్రిక మొదట్లోనే, తమకు వచ్చిన కష్టం శక్తికి మించిపోయిందని, బతుకు మీద ఆశ వదులుకున్నామని ఒప్పుకున్నాడు. మోయలేని బరువు ఉంటుంది. మోసినవాళ్ళకు తెలుసు. లాజరు సమాధి దగ్గర, మరి కాసేపట్లో వాణ్ణి లేపబోతూ కూడా, యేసు ప్రభువు ఏడ్చాడే గాని ఎవరికీ పాఠం చెప్పలేదు.

ఆ మిత్రుడు ఇవాళ ఈ హాలులోనే ఉన్నారు. పేరు చెప్పనని మాటిచ్చాను. అయ్యా, 2009లో మీ ఇంట్లో నేనన్న ఆ రెండు మాటలూ నలుగురి ముందు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆయన ఏం చేశారో చెప్పాలి. 2021 మే నెలలో నేను ఒంటరిగా ఉన్నప్పుడు రోజూ పదకొండున్నరకు మా గేటు చప్పుడయ్యేది. చూస్తే గేటు కొక్కేనికి మూడు గిన్నెల క్యారియరు వేలాడుతుండేది. నుదుట విభూతి, ముఖానికి మాస్కు, చేతిలో గొడుగు, ఆయన వీధి చివరికి నడిచి వెళ్ళిపోతుండేవారు. నలభై రోజులు. నా ఐసొలేషన్ అయిపోయాక లోపలికి వచ్చి కూర్చునేవారు. పత్రిక చదువుకునేవారు. మా ఆవిడ గురించి ఒక్క మాట అడగలేదు. ధైర్యం చెప్పలేదు. నేను తినేదాకా ఉండి గిన్నెలు తీసుకెళ్ళేవారు. ఆ ఎండల్లో, ఆ భయంలో, డెబ్బై దాటిన మనిషి.

రాజుల మొదటి గ్రంథం పందొమ్మిదో అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కథ ఉంది. అంత మహా ప్రవక్త ప్రాణభయంతో అడవిలోకి పారిపోయి, మన తెలుగు బైబిలు ప్రకారం బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. అడిగి నిద్రపోతాడు. దేవదూత వచ్చి తట్టి లేపుతాడు. ఉపదేశమా? కాదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు. తినమంటాడు. తిని మళ్ళీ పడుకుంటాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అంటాడు. దేవుడి మాటలు ఆ తర్వాత ఎప్పటికో. ముందు రెండు పూటల తిండి, రెండు నిద్రలు.

మా క్రైస్తవుల తెలుగులో ‘ఆదరణ’ అనే మాట ఎక్కువ వాడతాం. దుఃఖంలో ఉన్నవాడికి దొరికే ఊరట అని అర్థం. పరిశుద్ధాత్మకు ఆదరణకర్త అని పేరు. ఎన్ని వందల సార్లు పలికానో. కాని ఊళ్ళో మామూలు తెలుగులో ఆదరించడమంటే ఏమిటి? వచ్చినవాడికి కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేసి, అన్నం పెట్టడం. బైబిలును తెలుగు చేసిన పెద్దలు ఆ మాటనే ఏరుకున్నారు. దాని అర్థం నాకు చర్చిలో కాకుండా గేటు కొక్కెం దగ్గర తెలిసింది. ఇలా చెప్పినందుకు మా పాస్టరు గారు ఏమీ అనుకోరని ఆశిస్తాను.

ప్రార్థన మాత్రం ఇంకా రాలేదు. ఏం చెయ్యాలో తోచక నాకు వచ్చిన పనే చేశాను. ఇంట్లో ఖాళీ లెడ్జరు ఒకటుంటే కీర్తనల గ్రంథం నకలు రాయడం మొదలుపెట్టాను. రోజుకొక కీర్తన, గుండ్రటి చేతిరాతతో, మార్జిను గీసి. గుమాస్తా ప్రార్థన అనుకోండి. ఎనభై ఎనిమిదో కీర్తన దగ్గర ఆగిపోయాను. మిగతా విలాపాలు చాలావరకు ఎక్కడో ఒకచోట స్తోత్రానికో ఆశకో తిరుగుతాయి. ఇది తిరగదు. స్నేహితులు దూరమయ్యారని, మిగిలింది చీకటేనని చెప్పి అక్కడే ముగుస్తుంది. అలాంటి కీర్తనను కూడా పెద్దలు కొట్టివెయ్యకుండా, సర్దకుండా గ్రంథంలో ఉంచారు. నా మెమో కూడా దాఖలు చేసుకునే ఫైలు ఒకటి ఉందన్నమాట, నేను పుట్టక వేల ఏళ్ళ ముందు నుంచీ. ఆ రోజు లెడ్జరు మీద తల పెట్టి మే నెల తర్వాత మొదటిసారి ఏడ్చాను. ఆ ఏడుపులో ఏదో ప్రార్థన కూడా వచ్చింది. నూట పందొమ్మిదో కీర్తనకు 176 వచనాలు. దానికి పదకొండు రోజులు పట్టింది, వేలు వాచింది. నూట యాభై పూర్తయ్యేసరికి శీతాకాలం వచ్చేసింది.

ఇంతకీ నాకు దొరికిన విశ్రాంతి ఎలాంటిదని అడుగుతారు. దుఃఖం పోలేదు. మూడింటికి మెలకువ ఇప్పటికీ వస్తుంది. ఆ 28వ వచనం వెంటనే 29, 30 ఉన్నాయి. క్యాలెండరు వాళ్ళు వాటిని వదిలేస్తారు. విశ్రాంతి ఇస్తానని పిలిచి, వెంటనే నా కాడి ఎత్తుకోండి అంటాడు. ఇదేమి విశ్రాంతి అని కుర్రతనంలో అనుకునేవాణ్ణి. ఒంగోలు గిత్తల సీమ వాళ్ళకు కాడి సంగతి నేను చెప్పాలా? కాడికి రెండు మెడలుంటాయి. కొత్త కోడెను దున్నడం నేర్పేటప్పుడు ముదురు ఎద్దు పక్కన కడతారు. కాడి రెండింటి మీదా ఉంటుంది, చాలు తప్పకుండా లాగేది మాత్రం ముదురు ఎద్దే. కోడె దాని పక్కన నడవాలి, అంతే. బరువు దించేస్తానని ఆయన అనలేదు. పక్కన నేనుంటానన్నాడు. మూడింటికి మెలకువ వస్తే ఇప్పుడు నేను లెక్కలు తియ్యను. సర్వీసు రిజిస్టరు మూసేశాను. పక్కన ఒకరున్నారన్న ఎరుకతో పడుకుంటాను. ఒక్కోసారి నిద్ర పడుతుంది, ఒక్కోసారి పట్టదు.

మా వాళ్ళకు ఒక్క మాట, మిగతా వాళ్ళకూ వర్తిస్తుంది. విశ్వాసం ఉందని బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు ఆపేసినవాళ్ళను చూశాను, వాళ్ళలో ఒకరి సమాధి కార్యక్రమానికీ వెళ్ళాను. ప్రార్థన చేయించుకోండి, మాత్ర మానకండి. ఏలీయాకు కూడా ముందు రొట్టె వచ్చింది.

నా పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. గంట కొట్టనందుకు అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు. చివరిగా ఒక చిన్న పని ఉంది.

మన సభ్యుల్లో ఒకరికి రెండు నెలల కిందట భార్య పోయింది. పిల్లలు దూరాన ఉన్నారు. ఆయన సభలకు రావడం మానేశారు. ఆ మూడు గిన్నెల క్యారియరు మా మిత్రుడు నాకే ఇచ్చేశారు. దానిలో మూడు వారాలుగా ఆయనకు మధ్యాహ్నం అన్నం తీసుకెళుతున్నాను. నాకు అన్నం, పప్పు, చారు వరకే వచ్చు. ఆదివారాలు ఆరాధన అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది, నేను వెళ్ళలేను. ఆ ఒక్క పూటకు ఎవరైనా ఒప్పుకుంటే కార్యదర్శి గారి దగ్గర నోటుపుస్తకం ఉంది, పేరు రాయించండి. వెళ్ళినవాళ్ళు కాసేపు కూర్చోండి, ఏమీ చెప్పనక్కర్లేదు. ఆయనకు బి.పి. ఉంది, ఉప్పు కొంచెం తగ్గించి వండాలి.